ఇసుక దిబ్బలకు ముగ్గురు

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చైతన్య ఫోను ముందు పెట్టుకుని మర్నాటి ప్రయాణం సంగతి తేల్చడానికి కూర్చున్నాడు. జర్మనీలో వాళ్ళుండే ఎర్లాంగెన్ ఊరి అవతల అడవి మధ్యలో ఇసుక దిబ్బలున్నాయట. అచ్చం ఎడారిలా ఉంటాయని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఐదేళ్ళ కూతురు ఈషా వారం నుంచీ ఆ ఇసుక మాటే మాట్లాడుతోంది.

"తొమ్మిదింబావుకు బస్సు. దిగినంక నాలుగు కిలోమీటర్లు నడవాలె," అన్నాడు భార్య ప్రవీణతో. "అమ్మకు మోకాలు నొప్పి గద, ఇంట్లనే రెస్ట్ తీసుకుంటది."

వంటగది గుమ్మంలో గిన్నె తుడుస్తున్న కమల ఆ మాట విన్నది. ఆమె సిద్దిపేట నుంచి వచ్చి రెండు నెలలు దాటింది. బుధవారం తిరుగు ప్రయాణం. ఇన్నాళ్ళలో ఆమె చూసిన జర్మనీ అంతా మనవరాలి పిల్లల బడి కీటా దాకా వెళ్ళే వీధి, ఒక సూపర్ మార్కెట్టు, బాల్కనీ కింద వరసగా పోయే సైకిళ్ళు. ఆ దిబ్బలు తనకూ చూడాలని ఉంది. కానీ పిలిపించుకుని వెళ్ళడమే తప్ప అడిగి వెళ్ళడం ఆమెకు అలవాటు లేదు.

"ముగ్గురు కలిసి బయలెల్లొద్దురా, మంచిది గాదు," అన్నది.

అయితే నువ్వూ రా అంటాడని ఆశ.

"గదెంత పని! జేబుల రాయేసుకుంటే నలుగురైతం. నా చిన్నప్పుడు నువ్వే చెప్పినవ్ గదనే," అన్నాడు చైతన్య.

ఈషా కిందికి పరిగెత్తి, పెరట్లోంచి గుండ్రటి రాయి తెచ్చి, స్కెచ్ పెన్నుతో కళ్ళూ మూతీ గీసింది.

"దాస్ ఇస్ట్ నానమ్మ! ఇదే నానమ్మ!"

"బొట్టు మరిచినవే," అన్నది కమల. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

సాయంత్రం కమల పులిహోర కలిపి మూడు డబ్బాల్లో సర్దుతుంటే ప్రవీణ తొంగి చూసింది.

"అత్తమ్మా, మిగిలింది రేపు మీకు సరిపోతదా?"

కమల చేతిలోని గరిటె ఆగింది.

"నేను గూడ వస్త ప్రవీణా. నడవలేకుంటే ఆడ్నే కూసుంట."

ప్రవీణ చూపు మూడు డబ్బాల మీదికి పోయింది. ఈ ఒక్క ఆదివారం తాము ముగ్గురే గడపాలని ఆమె అనుకుందని కమలకు తెలియకపోలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"చైతన్యా, అత్తమ్మ వస్తరట. వేరే బాట చూడు," అని ప్రవీణ హాల్లోకి కేకేసింది.

"మొదలే చెప్పొచ్చు గదమ్మా!"

"నువ్వు అడిగినవా రా?"

చైతన్య మళ్ళీ ఫోను తీశాడు. కాసేపటికి ఇంకో బస్సు దొరికింది. అది పదీ నలభైకి. నడక ఒక్క కిలోమీటరే గాని అటువైపు చిన్న దిబ్బే ఉంది. పెద్ద దిబ్బ దాకా వెళ్ళడం కుదరదు.

"నైన్, వద్దు! గ్రోసె డ్యూనె! పెద్ద దిబ్బే కావాలి!" ఈషా నేల మీద కూర్చుని ఏడుపు లంకించుకుంది.

సరే తియ్, నేను ఇంట్లనే ఉంట అనే మాట కమల నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపుకుని, వంగలేక వంగి, మనవరాలికి గ్లాసుతో నీళ్ళందించింది.