పొడుగు కారులో వెనక చోటు

"ఎనకద్దం బాగా తుడువు. ఊరంతా చూత్తాది," అన్నాడు రాజేంద్రప్రసాద్, భార్య వైపు చూడకుండానే. సూర్యకళ తడిసిన కాగితం పారేసి పొడి కాగితం అందుకుంది. పట్టుచీర మీద నీళ్లు పడకుండా కుచ్చిళ్లు ఎగదోపుకుంది.

అనకాపల్లిలో ఆ కారుని అందరూ పొడుగు కారు అనేవారు. మావగారి తండ్రి బెల్లం వ్యాపారం జోరుగా సాగిన కాలంలో విశాఖపట్నంలో ఎవరో దొరగారి దగ్గర కొన్న అమెరికా స్టేషన్ వ్యాగన్. ముందొక సీటు, మధ్యలో ఒక సీటు, దాని వెనక మంచం పట్టేంత చోటు. ఎనిమిదేళ్లుగా షెడ్డులో ఇటుకల మీదే ఉంది. ఎలమంచిలిలో పెళ్లి చేస్తున్న బంధువులు పెళ్లికొడుకుని ఆ కారులోనే ఊరేగించాలని ముచ్చటపడటంతో, మెకానిక్కు నూకరాజు చేత మూడు నెలలపాటు బాగు చేయించారు. అప్పటినుంచీ ఇంట్లో మగవాళ్లకి వేరే మాట లేదు. "ఇప్పటివి కార్లేటి, అగ్గిపెట్టెలు. దీన్లో కూకుంటే ఓడలో ఉన్నట్టుండేది," అంటారు మావగారు ఈశ్వరరావు. "అలాటి ప్రయాణాలు మరి రావు," అంటాడు ఆడపడుచు భర్త బంగార్రాజు, ఖాళీ కాఫీ గ్లాసు సూర్యకళకి అందిస్తూ.

ఆ ఓడలో తనెక్కడ ఉండేదో వాళ్లకి గుర్తుందో లేదో. మావగారితో సమానంగా కోడలు సీటు మీద కూర్చోకూడదన్నది ఆ ఇంటి మర్యాద. కాబట్టి ఆడవాళ్లది వెనక చోటు. చాప పరుచుకుని, బిందెలకీ బెల్లం దిమ్మలకీ మధ్య సర్దుకుని, దాటిపోయిన రోడ్డుని చూస్తూ కూర్చోవాలి. ఆ తలుపుకి లోపల పిడి లేదు. ఎవరో గుర్తొచ్చి, దిగి వచ్చి తియ్యాలి. కూతురు చిన్నారి కడుపులో ఉండగా ఆరో నెలలో, కశింకోట దాటేక కడుపులో తిప్పేసి అద్దం మీద కొట్టింది. ముందునుంచి "ఇంటికొచ్చేత్తన్నాం కదమ్మా" అని వినిపించింది. పమిటలోనే కక్కుకుంది. ఇంటి దగ్గర తలుపు తీసిన భర్త ముందు చాపనే చూశాడు. "కంపు కొట్టకుండా కడిగెయ్యి," అన్నాడు. కారు కడిగేకే ఆమె స్నానానికి వెళ్లింది.

అయినా ఆ చోటంటే ఆమెకేదో బెంగ. పొయ్యి దగ్గరనుంచి క్షణం కదలని అత్తగారు సుందరమ్మ అక్కడ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అయిదో తరగతిలో తనని బడి మానిపించిన సంగతి అక్కడే చెప్పింది. ఒకసారి నిద్రలో కోడలి భుజం మీద తల వాల్చింది. అది తలుచుకుంటే సూర్యకళకి కారు మీద కోపం నిలిచేది కాదు.

ఎలమంచిలి పెళ్లికి బయల్దేరే వేళకి అత్తగారు ముందే వెనక చాప మీదికి చేరింది. పదమూడేళ్ల చిన్నారి పరుగున వచ్చి మధ్య సీటులో కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీటులోంచి తాతగారు తల తిప్పకుండానే అన్నారు. "అదేటి? పిల్ల పెద్దదయ్యింది. ఎనక్కి పంపండి. ఇప్పట్నించే అలవాటవ్వాల."

"చోటుంది కదా తాతయ్యా!"

చిన్నారి పక్కనే చేరగిలబడ్డ బంగార్రాజు నవ్వాడు. "నా కాళ్లూ ఈ కారులాగే పొడుగమ్మా."

చిన్నారి మరి మాట్లాడలేదు. తల దించుకుని దిగి, వెనక్కి నడిచింది. ఆ మాట్లాడకపోవడమే సూర్యకళకి ఎక్కడో తగిలింది. ఇది ఎప్పుడు నేర్చింది? ఎవరు నేర్పారు? వెతకక్కర్లేదు. ఊరుకోవే, తాతయ్య వింటారని రోజుకి పదిసార్లు అన్నది తనే.

తల్లీ కూతుళ్లు చాప మీద సర్దుకున్నారు. రాజేంద్రప్రసాద్ తలుపు వెయ్యడానికి వచ్చాడు. చిన్నారి తలుపు లోపలి రేకంతా తడిమి చూసింది. "అమ్మా, లోపల్నించి ఎలా తియ్యాలి దీన్ని?"

సూర్యకళ తలుపు సందులో చెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యి. నలిగిపోతాది."

"తియ్యను."

"ఏటి?"

"పిల్లని సీటులో కూర్చోబెట్టండి. నేనిక్కడే ఉంటాను."

అతను గొంతు తగ్గించాడు. "నాన్న వింటారు. బావ కూడా ఉన్నాడు. వచ్చేక మాటాడుకుందాం."

"వచ్చేక మీరు మాటాడరు."

ముందు మావగారు పక్కకి వంగి స్టీరింగు మీద హారన్ నొక్కారు. "ఏటిరా ఆలీసం?"

రాజేంద్రప్రసాద్ తలుపు నెట్టాడు. అంచు ఆమె వేళ్ల మీద ఆనింది. ఇంకొంచెం నెట్టాడు. నొప్పి మోచేతి దాకా పాకింది. ఆమె చెయ్యి లాక్కోలేదు, అరవలేదు, అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. చివరికి చూపు తిప్పుకున్నది అతనే. ఆమె తలుపు తోసుకుని కిందికి దిగి, కూతురికి చెయ్యి అందించింది.

"మేము బస్సుకి వస్తాం."

"నగలేసుకుని బస్సులోనా! జనం ఏటనుకుంటారు?"

"పొడుగు కారున్నోళ్ల కోడలు బస్సెక్కిందనుకుంటారు."

నాలుగడుగులు వేసిందో లేదో, వెనకనుంచి సుందరమ్మ గొంతు వినిపించింది.

"ఒసే సూర్యకళా, ఆగవే. నన్నూ దింపు."

"నీకేటయ్యిందే అమ్మా?" రాజేంద్రప్రసాద్ కంగారుగా అటు తిరిగాడు.

"కాళ్లు తిమ్మిరెక్కేయిరా," అంది సుందరమ్మ, తలుపు అంచు పట్టుకుని ఒక కాలు నేలకి దించుతూ. "నలభై ఏళ్లయింది కూకుని."