మీ అమ్మ ఇరుక్కోలే

ఇటు రా సోనీ. ఆ సంచి ఆడ పడేసి నా పక్కకు వచ్చి కూసో. కండ్లు తుడుసుకో. ఎవరో నవ్విన్రని బువ్వ మానేస్తే కాలేది మన కడుపే బిడ్డా. ఆ వనజ ఏమన్నదో మళ్ల చెప్పకు, ఒక్కసారి ఇన్న, సాలు. "సోని వాళ్లమ్మ లావెక్కి రంగులరాట్నంల ఇరుక్కొని సచ్చిపోయింది" అన్నదంట. క్లాసు క్లాసంత నవ్విందంట. మన తండా సంతోష్ గాడు గూడ ఆడ్నే ఉండి తల వంచుకున్నడంట. వాని సంగతి తర్వాత చూద్దాం. ఆ రోజు నీకు ఆరేండ్లు. నువ్వు పైన ఉన్నవు, కండ్లు మూసుకున్నవు. కింద ఏం జరిగిందో నీకు తెల్వదు. నేను కిందనే ఉన్న. నీకు అమ్మమ్మను, ఆమెకు తల్లిని. నేను చెప్తే ఇను.

మీ అమ్మ లాలి పుట్టుడే నిండుగ పుట్టింది. మంత్రసాని చేతుల తీసుకొని నాతోని "హేమ్లీ, ఇది పిల్ల గాదే, గుమ్మడికాయ" అన్నది. పెరిగినంక అశ్వారావుపేట దిక్కు పామాయిల్ తోటలకు పనికి పోయేది. ఆ గెలలు చూసినవు గదా, నిండ ముండ్లు. ఇద్దరు మొగోళ్లు పట్టి ట్రాక్టర్ల ఏసేదాన్ని మీ అమ్మ ఒక్కతే ఎత్తి ఇసిరేది. మేస్త్రి "లాలక్కా, నువ్వు తిన్న బువ్వ దండగ పోలే" అంటే, "నీ ఇంట్ల తిన్ననా ఏందిరా లెక్క జూస్తున్నవ్?" అనేది.

దానికున్న పిచ్చి ఒక్కటే, ఊగుడు. చిన్నగున్నప్పుడు అడవిల తీగెలు పట్టుకొని ఊగేది. పెద్దగైనా ఆ బుద్ధి పోలే. ఏ ఊర్ల రాట్నం పడ్డదన్నా ఆడికి పోవాల్సిందే. "పైకి పోయి కిందికి దిగేటప్పుడు కడుపులకెల్లి ఒకటి లేస్తది చూడు యాడీ, అప్పుడు నా ఒళ్లు నాకే దూదిలెక్క అయితది" అనేది. నన్ను అమ్మా అనకపోయేది, మన తండా మాటల యాడీ అనే పిలిచేది.

ఒక ఏడు సంఘం ఆడోళ్లమంత బస్సు మాట్లాడుకొని హైదరాబాద్ దిక్కు పెద్ద ఆటల పార్కుకు పోయినం. మీ అమ్మ ముందుగాల్నే సెల్లుల చూసి పెట్టుకున్నది, ఏది ఎక్కొచ్చు, ఏది ఎక్కరాదు అని. "బల్లలెక్క పొడుగు సీటుంటే నేను పడత. కుర్సీలెక్క ఇడివిడిగుంటే పట్ట" అని నాకు బస్సులనే చెప్పింది. పడవలెక్క ఊగేదుంటది చూడు, అది ఎక్కింది. ఎనుక వరుసల కూసున్నది, ఆడ్నే ఎక్కువ లేస్తదంట. అది అరిసిన అరుపుకు నేను కింద నవ్వలేక సచ్చిన. దిగింది, మళ్ల లైన్ల నిలబడ్డది. నీళ్లల్లకు జారేది ఎక్కి ధబేలుమని పడితే గట్టు మీదున్నోళ్లంత తడిసిన్రు. "మీకు టికెట్ లేకుండనే తానం చేపిచ్చిన పోండ్రి" అన్నది. అంత సంబురం నేను ఇంకెన్నడు చూడలే దాని మొఖంల.

ఆఖరికి ఒకటి ఎక్కింది, ఎక్కొద్దనుకున్నదే. ద్వాలి, గా సంతోష్ తల్లి, "రావే లాలీ, ఏం కాదు" అని గుంజుకపోయింది. భుజాల మీదికెల్లి ఇనుప కడ్డీ దిగుతది దాంట్ల. దిగింది గాని కొండి పడలే. ఆడి పోరడు మోకాలు పెట్టి ఒత్తిండు. పడ్డది. ఊపిరాడక "తియ్ తమ్మీ" అంటే ఇప్పుడు అది ఊడలే. ఎనుక లైన్లున్నోళ్లు నవ్వుడు, ఫోన్లు ఎత్తుడు. ముగ్గురొచ్చి తీసిన్రు. మీ అమ్మ నల్లా కాడికి పోయి మొఖం కడుక్కున్నది. ఏడిసిందేమో నీళ్లల్ల నాకు తెల్వలే. "తప్పు నాది గాదే యాడీ. గా కుర్సీ చేసినోడు నన్ను యాదిల పెట్టుకోలే, అంతే" అన్నది. పోయి మళ్ల పడవ ఎక్కింది.

తండాకొచ్చినంక ద్వాలి అందరికీ చేసి చూపెట్టింది. చాట నడుముకు తగిలిచ్చుకొని "అయ్యో ఊడుతలేదు, అయ్యో" అని ఎగిరేది. అందరు పడి పడి నవ్విన్రు. మీ అమ్మ గూడ నవ్వింది. ఈ చాట ముచ్చట యాదిల పెట్టుకో బిడ్డా, దీనితోని మళ్ల పని పడ్తది.

ఆ ఎనుక ఎండాకాలం ములకలపల్లి సంత జాగల ఎగ్జిబిషన్ పడ్డది. మీ నాయిన బాలకృష్ణ బొగ్గు లారీ మీద పోయిండు. నిన్ను, సంతోష్‌ను, మన పక్కింటి చాంది బిడ్డను తోలుకొని మేం పోయినం, మీ రూప్లా మామ గూడ ఉండె. రాట్నం నడిపేటాయన పేరు వెంకటకృష్ణ. తొట్లు పైకి పోయి కిందికొచ్చే పాత రాట్నం, డీజిల్ ఇంజనుకు బెల్టేసి తిప్పేది. దాని కథ ఏందంటే, ఒక దిక్కు బరువుంటే ఎదురు దిక్కు గూడ అంత బరువుండాలె. లేకుంటే బరువున్న దిక్కు గిర్రున కిందికొస్తది. మంది తక్కువుంటే ఆయన ఇసుక సంచులు ఏసేటోడు. మీ అమ్మను చూసి రెండు చేతులు జోడిచ్చిండు. "రా అక్కా రా, నువ్వెక్కితే నాకు సంచులు మోసే బాధ తప్పుతది." ఎక్కడ్నన్నా దాన్ని చూసి సంబురపడ్డ రాట్నమోడు ఆయనొక్కడే. తొట్టికి అడ్డం పెట్టే కడ్డీ దానికి సరిపోదని తీసి పక్కకేసిండు. ఒక తొట్టిల అదొక్కతి, దానికి ఎదురుంగ మీరు ముగ్గురు.

మస్తు తిరిగిన్రు. దించేటప్పుడు మిగిలినోళ్లందరు దిగిన్రు, ఆఖరికి మీ రెండు తొట్లే మిగిలినయ్. మీ అమ్మది కింద, మీది పైన. అప్పుడే అడవి దిక్కుకెల్లి గాలిదుమారం లేసింది. ఎర్ర దుమ్ము, కన్ను తెరువనియ్యలే. లైట్లు పోయినయ్. ఇంజను బెల్టు తెగి పడ్డది. చక్రానికి అడ్డం పెట్టిన చెక్క బ్రేకు పటుక్కున ఇరిగింది.

వెంకటకృష్ణ ఉరికొచ్చిండు. "అక్కా, దిగకు! నీ దండం పెడ్త, నువ్వు దిగితే పైన తొట్టి పిల్లలతోని కిందికొచ్చి గుద్దుకుంటది, ఆపేటందుకు ఏం లేదు!"

మీ అమ్మ ఒక కాలు అప్పటికే నేల మీద పెట్టింది బిడ్డా. చెప్పు మట్టిల ఆనింది. నేను చూసిన. ఆ కాలు అట్లనే ఉంచి, ఒళ్లంత తొట్టిల ఏసి, రెండు చేతుల్తోని అంచులు పట్టుకొని కూసున్నది.

"ఓ అన్నా, నలుగురు రాండ్రి, వచ్చి ఈ తొట్టి పట్టుకోండ్రి" అని వెంకటకృష్ణ మొత్తుకున్నడు. గంత మందిల ఎవ్వరు రాలే. అందరు బడి అరుగు దిక్కు ఉరుకుతున్నరు, రేకులు ఎగురుతున్నయ్ గదా. ఆయన ఇసుక సంచులు తెచ్చేటందుకు సంత ఆ చివరికి ఉరికిండు. మీ మామ రాట్నం కమ్ములు పట్టుకొని మీదికెక్కుతుండు. నేను తొట్టి పట్టుకొని యాలాడిన. మీ అమ్మ నన్ను చూసి నవ్వింది. "నీ బరువు ఏ మూలకే యాడీ? పో, అరుగు మీదికి పో." నేను పోలే.

మామ ముందు చాంది బిడ్డను దించిండు. తర్వాత సంతోష్‌ను దించిండు, ఇద్దర్ని అరుగు దిక్కు ఉరికిచ్చిండు. నువ్వు కడ్డీ ఇడుస్తలేవు. అందుకే మీ అమ్మ కిందికెల్లి మాట్లాడ్తనే ఉన్నది. "సోనీ! పైకెల్లి ఏం కనబడ్తుందే? గుట్ట కనబడ్తుందా? మన తండా దీపాలు కనబడ్తున్నయా?" నువ్వు "లేవమ్మా, దుమ్ము" అన్నవు. "బాగ చూడు, ఉంటయ్" అన్నది.

మిర్చి బజ్జీల కొట్టు మీది రేకు లేసింది. నేను చూసిన. అది వీపు దిక్కుకెల్లి వచ్చింది, మీ అమ్మ చూడలే. మెడ కాడ తగిలింది. తల నా చెయ్యి మీద వాలింది.

పైకెల్లి నువ్వు పిలుస్తున్నవు. "అమ్మా, గుట్ట కనబడ్తలేదే!"

నేనేం చెయ్యాలె? దాని గొంతు లెక్క నా గొంతు పెద్దగ చేసిన. "కండ్లు మూసుకో బిడ్డా, మామ వస్తుండు" అన్న. నువ్వు మూసుకున్నవు. మామ నిన్ను వీపుకు కట్టుకొని దిగేదాంక మీ అమ్మ తొట్టి కదలలే. పానం పోయింది గాని బరువు పోలే. నిన్ను కింద నిలబెట్టినంక మీ మామ చెల్లె మొఖం చూసి మట్టిల కూలబడ్డడు.

గాలి తగ్గినంక మంది తిరిగొచ్చిన్రు. అప్పటికి నలుగురు మొగోళ్లు మీ అమ్మను తొట్టిలకెల్లి పైకి గుంజుతున్నరు. వాళ్ల కంట పడ్డది అదొక్కటే. తెల్లారి పేపర్ల వచ్చిందంట, లావు ఎక్కువుండి ఇరుక్కపోయింది, దిగరాలే అని. నాకు సదువు రాదు, మీ మామ సదివి పేపరు పొయ్యిల పెట్టిండు. తండాల ముందుగాల్నే చాట ముచ్చట ఉన్నదాయె. హైదరాబాద్‌ది, ములకలపల్లిది రెండు కలిపి ఒక్కటే అల్లుకున్నరు. ద్వాలి ఆ ఆట మళ్ల ఆడలే. అయితే "గట్ల గాదు, నా కొడుకు బతికింది లాలి కూసుంటెనే" అని నోరు తెరిచి గూడ అనలే. సిగ్గో భయమో. నేను చెప్పబోతే "తల్లి గదా, గట్లనే అంటది" అన్నరు.

సంతోష్ మీద కోపం పెట్టుకోకు. వాడు గూడ నీ లెక్కనే పైన కండ్లు మూసుకున్నోడు. వానికి ఎవ్వరు చెప్పలే. రేపు బడికి పోయినంక వాని పక్కన కూసొని నువ్వు చెప్పు. ఆ తొట్టికి కడ్డీ లేకుండె. ఒక కాలు నేల మీద ఉండె. ఎప్పుడంటే అప్పుడు లేసి పోవచ్చు. పోలే. ఇరుక్కున్నది అనకు బిడ్డా, కూసున్నది అను. వాడు ఇంట్ల చెప్పాలె, నువ్వు నీ పిల్లలకు చెప్పాలె. నా నోరు ఇంక ఎన్ని దినాలు ఆడుతదో నాకే తెల్వదు.

ఆ, బువ్వ తర్వాత తిందువుగాని. ఏదీ, మొదటికెల్లి ఒకసారి నాకు చెప్పు. నేను ఇనుకుంట కూసుంట.