పొర కట్టిన యంత్రం

నేను ఒక ఎండబెట్టే యంత్రాన్ని. స్ప్రే డ్రయ్యర్ అంటారు. పైన గుండ్రంగా ఉండి, కిందికి వచ్చేసరికి గరాటులా సన్నబడే ఉక్కు ఒళ్ళు నాది. ఎక్కడో పుణె వైపు పుట్టి, లారీ మీద తాళ్ళు కట్టించుకుని చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వచ్చాను. యజమాని మునిరత్నం. నన్ను పట్టుబట్టి తెప్పించింది మాత్రం ఆయన చెల్లెలు దేవసేన.

సీజనులో ఫ్యాక్టరీ వెనక తోతాపురి తొక్కలు గుట్టలు పడేవి. కుళ్ళి కంపు కొట్టేవి. వాన కురిస్తే ఆ మురుగు పక్క ఊరి వాగులో కలిసేది. ఆహారశాస్త్రం చదివిన దేవసేనకు ఆ కుప్పలోనే మంచి కనిపించింది. ఒంటికి మేలు చేసే పదార్థాలు తొక్కలో దండిగా ఉంటాయి. అయితే గాలీ వెలుతురూ తగిలితే ఇట్టే చెడిపోతాయి. అందుకని ఆమె తొక్కల సారం తీసి, తుమ్మజిగురు కలిపి నాలో పోసేది. నేను దాన్ని సన్నటి తుంపరగా చిమ్మి వేడిగాలి తగిలించేదాన్ని. నీరు ఆవిరైపోయి, సారం చుట్టూ జిగురు పొర కట్టేది. పసుపు పొడి రాలేది.

మొదటి పొడిని అరచేతిలో పట్టుకుని, "చూడన్నా, నువ్వు పారబోసేది ఇదే!" అని నవ్వింది. పారేసినదాన్నే మళ్ళీ డబ్బాలో పెట్టి అపురూపంగా చూసుకోవడం మనుషులకే చెల్లింది.

షెడ్డులో కాయలు ఏరే చెంగమ్మ అప్పుడు కడుపుతో ఉంది. షెడ్డులో అడిగిన కొందరికి దేవసేన పొడి ఇచ్చింది. చెంగమ్మ నీరసంగా కనిపిస్తే ఆపేక్షగా ఒక డబ్బా చేతిలో పెట్టింది.

"రోజూ మజ్జిగలో కలుపుకో చెంగా. సత్తువొస్తాది."

పరీక్షకు పంపిన పొడి సంగతి ఇంకా తేలలేదు. మామిడి తొక్కే కదా అనుకుంది.

ఫలితం ఫోనులో వచ్చింది. దేవసేన నా పక్కనే నిలబడి విన్నది. తోటల్లో కొట్టిన పురుగుమందు కడిగినా పోకుండా తొక్కను పట్టుకుని ఉండిపోయిందట. సారంతోపాటు అదీ చిక్కబడింది. ఉండకూడనంత ఉంది. నేను మంచికీ చెడ్డకూ ఒకే శ్రద్ధతో పొర కట్టాను.

మునిరత్నం గొంతు తగ్గించాడు. "ఎవురికీ చెప్పొద్దు అమ్మణ్ణీ. ఉండే పొడంతా పూడ్చేద్దాం. బయటపడితే మన గుజ్జు కూడా ఎవురూ కొనరు. ఇంతమంది యాడికి పోతారు?"

తోసిపుచ్చే మాట కాదది. షెడ్డులోని ఆడవాళ్ళందరి పొయ్యీ ఆ గుజ్జు మీదే వెలుగుతోంది.

"చెంగమ్మ రోజూ తాగతా ఉంది అన్నా," అంది దేవసేన.

ఆ పూటే చెంగమ్మను పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెంగమ్మ నా ఇనుప కాలు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"నా బిడ్డకేమన్నా అవతాదా అక్కా?"

"తెలీదు చెంగా."

"తెలీకుండానే ఇచ్చినావా?"

దేవసేన ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

పొడి తీసుకున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పి, డబ్బాలు వెనక్కి తెచ్చింది. చెంగమ్మను తిరుపతి ఆసుపత్రికి తిప్పింది. మునిరత్నం భయపడినట్టే గుజ్జు కొనేవాళ్ళు కొందరు తప్పుకున్నారు. షెడ్డులో సగంమందికి పని పోయింది. అన్న చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. చెంగమ్మకు ఆడపిల్ల పుట్టింది. డాక్టర్లు ఏ లోపమూ లేదన్నారు.

నన్ను అమ్మకానికి పెట్టారు. పసిపిల్లల తిండి తయారుచేసే ఒకాయన వచ్చి, నా లోపల తొంగిచూసి ముచ్చటపడ్డాడు. "ముందు దీంట్లో ఏం ఆరబెట్టినారమ్మా?" అన్నాడు. దేవసేన దాచకుండా చెప్పింది. ఆయన మర్యాదగా దండం పెట్టి వెళ్ళిపోయాడు. నన్ను శుభ్రం చేయవచ్చు. కానీ విన్నదాన్ని ఎలా కడుగుతారు? నేను టార్పాలిన్ కింద మిగిలిపోయాను. వెనక తొక్కలు మళ్ళీ గుట్టలు పడుతున్నాయి.

చెంగమ్మ పనిలోకి తిరిగొచ్చింది. కూతురు ఇప్పుడు నడక నేర్చి నా చుట్టూ పరుగెడుతుంది. దేవసేన ఆ పిల్ల కనబడగానే దగ్గరికి తీసుకుని కళ్ళు చూస్తుంది, వేళ్ళు చూస్తుంది, పేరు చెప్పమంటుంది.

"బాగుండాది లేక్కా. ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు?" అంది మొన్న చెంగమ్మ.

దేవసేన పిల్ల చెయ్యి వదల్లేదు.