మూడో చరణం

వెలగపాలెం సంఘంలో ఆదివారపు ఆరాధనకు కొత్తగా వచ్చినవారు ఒక వింతను గమనించేవారు. జక్రయ్య మాస్టారు పాట నడిపిస్తూ మూడో చరణంలోకి రాగానే సంఘమంతా మోకాళ్ళ మీదికి వంగేది. ఏ లేఖనంలోనూ లేని ఆ నియమం ఎనభై అయిదు క్రిస్మసు నాడు పుట్టింది. పుట్టించినవి జక్రయ్య గారి కాళ్ళు. ఆ సంగతి ఆయన కాక ఎరిగినది ఒక్క ఎలీసమ్మే, ఆయన భార్య.

జక్రయ్య మిషను బడిలో తెలుగు చెప్పేవాడు. ఏభై నాలుగేళ్ళ వయస్సు, ఛందస్సు తెలిసిన నాలుక, కోవెల గంట వంటి గొంతు. తాను కట్టిన కీర్తనలో మూడో చరణం చివర ‘కరుణాసాగరా’ అన్న పిలుపును పైస్థాయిలో పట్టుకున్నాడంటే, మార్కు వాయించే హార్మోనియంలో గాలి అయిపోయేదే గాని ఆయన ఊపిరి అయిపోయేది కాదు.

ఆ క్రిస్మసు ఉదయం సరిగ్గా ఆ పిలుపు మీదనే ఆయన మోకాళ్ళు వంగి నేలకు ఆనాయి. పాట మాత్రం తెగలేదు. మిరప కోతలకు ముఠా నడిపే పెద్దావిడ పుల్లమ్మ వెనుక వరుసలో కూర్చుని ఉంది. “ఆత్మ దిగింది మాస్టారి మీదికి” అంటూ తానూ మోకరించింది. మరుసటి ఆదివారం ముగ్గురు మోకరించారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టుగా, నెల తిరిగేసరికి అందరూ.

ఎలీసమ్మ మోకరించేది గాని కళ్ళు మూసేది కాదు. ప్రార్థించే మనిషి చేతులు జోడిస్తాడు. ఈయన చేతులు ముందున్న బల్ల అంచు కోసం వెతుక్కుంటున్నాయి.

“ఏవండీ, అది మోకరింపు కాదు కదూ?” అని ఒకనాడు దారిలో అడిగింది.

ఆయన పత్తిచేను గట్టు ఎక్కి దిగాడు. “కాదు” అన్నాడు చివరకు.

“మరి చెప్పరేం?”

“ఏమని చెప్పను? ఇంతమంది నా వెంట మోకరిస్తున్నారు. ఇది భక్తి కాదర్రా, కాళ్ళు పట్టు తప్పాయి అంటే వాళ్ళ ప్రార్థన ఏమైపోవాలి?”

“వాళ్ళ ప్రార్థన సంగతి ప్రభువు చూసుకుంటాడు. మీ కాళ్ళ సంగతి నేను చూసుకోవాలి గదా.”

ఆయన నవ్వాడు. ఎలీసమ్మకు నవ్వు రాలేదు.

ఆ ఏడు తమ ఎకరంలో పండిన పత్తిని ముందుగదిలో పోసి, బేరం కుదిరాక ఎత్తి పంపారు. మూడు రోజుల తరువాత ఆయన గదిలో నిలబడి, “సరిగా ఊడ్చినట్టు లేవే. ఇంకా దూది తొక్కుతున్నట్టే ఉంది” అన్నాడు. గచ్చు అద్దంలా ఉంది. మార్చి ఎండలో మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో చెప్పులు లేకుండా తిరిగి వచ్చి, అరికాలిలో బొబ్బ ఉన్నదని ఆమె చూపితేగాని తెలుసుకోలేదు. ఉచ్చకని పెరట్లోకి వెళితే అరగంటకు గాని తిరిగి రాడు.

“అక్కడేమన్నా సీసపద్యం కడుతున్నారా?” అని ఒకసారి వేళాకోళమాడింది. “పాదం పూర్తికావడం లేదే” అన్నాడాయన అదే ధోరణిలో. కాని ఆ కళ్ళలో మొదటిసారి భయం కనిపించింది.

చీరాలలో ఒక వైద్యుడు నరాల బలహీనతన్నాడు, బలానికి సూదులు వేశాడు. మరొకరు వెన్నుపూస జరిగిందని నడుముకు పట్టీ కట్టించారు. పట్టీ వల్ల చెమటపొక్కులు లేచాయి తప్ప కాళ్ళు లేవలేదు. నడిచేకొద్దీ పిక్కలు బరువెక్కేవి, కూర్చుంటే కొంత తేరుకునేవి. ఇంతలో జలుబు చేసి ఆయన గొంతు పట్టేసింది. పాటలేని ఆ నాలుగు వారాలూ చీరాల బస్సు దిగి మైలు దూరం తానే నడిచి వచ్చాడు. గొంతు బాగుపడి పాడిన ఆదివారం మాత్రం మార్కు భుజం మీద చేయి వేస్తేగాని ఇల్లు చేరలేకపోయాడు. ఎలీసమ్మ చదివింది అయిదో తరగతే. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

ఎనభై ఆరు జూలైలో గుంటూరు ఆసుపత్రి వార్డులో పెద్ద వైద్యుడు అంకమ్మరావు గారి ముందు కూర్చున్నప్పుడు ఆమె గొంతు సవరించుకుంది.

“అయ్యా, ఒక మాట చెబుతాను, నవ్వకండి. పాడితే ఈయన కాళ్ళు పడిపోతాయి.”

“ఊరుకోవే” అన్నాడు జక్రయ్య సిగ్గుపడి.

వైద్యుడు నవ్వలేదు. చీటీ రాస్తున్న కలం కింద పెట్టాడు. “ఎంత పాడితేనమ్మా?”

“మూడో చరణానికండీ.”

ఆయన జక్రయ్యను మంచం మీద పడుకోబెట్టి, కాలెత్తి తన అరచేతిని తోయమన్నాడు. జక్రయ్య బాగానే తోశాడు. “ఇక లేచి నిలబడి పాడండి మాస్టారూ, మూడూ పాడండి” అన్నాడు. జక్రయ్య మంచం కమ్మి పట్టుకుని గొంతెత్తాడు. పక్క మంచం దగ్గర కొడుకుకు గంజి తాగిస్తున్న జైతున్‌బీ, అది తన మతం పాట కాకపోయినా, తల మీద కొంగు సర్దుకుంది. పిలుపు పైస్థాయికి చేరింది, మోకాళ్ళు వంగాయి. వైద్యుడు పట్టుకుని పడుకోబెట్టి మళ్ళీ అరచేయి పెట్టాడు. ఈసారి కాలు ఆ చేతిని కదపలేకపోయింది.

“మిరపచేలో నీళ్ళు నిలిస్తే మొక్క ఏమవుతుందమ్మా?” అని అడిగాడు అంకమ్మరావు గారు.

“తల వాలుస్తుంది. నాలుగు రోజులు నిలిస్తే చస్తుంది.”

“అదే. వెన్నుపాము పైపొర మీద గుండె నుంచి వచ్చే రక్తనాళం ఒకటి, నెమ్మదిగా పారే సిర ఒకటి ఉంటాయి. ఉండకూడని చోట ఆ రెండూ కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. పొలాలకు నీరిచ్చే మేజరు కాలువ గండిపడి మురుగు కాలువలోకి దూకినట్టు. ఆ ఒత్తిడికి వెన్నుపాములో ఊట నిలుస్తుంది, కాళ్ళు వాలిపోతాయి. ఊపిరి బిగబట్టి పాడినప్పుడు బయటికి వెళ్ళవలసిన రక్తమూ వెళ్ళదు. చాలా అరుదు. ఇరవై ఏళ్ళలో ఇది రెండోది.”

“మొదటి ఆయన?” అంది ఎలీసమ్మ.

“నేను గుర్తుపట్టేసరికి మంచాన పడ్డాడు. ఆయన భార్య చెప్పలేదో, చెబితే నేనే వినలేదో.” కలం మళ్ళీ అందుకుని, “మొక్క ఇంకా పచ్చిగానే ఉంది. గండి పూడ్చాలి. త్వరగా మద్రాసు వెళ్ళండి” అన్నాడు.

ప్రయాణానికి ముందు ఆదివారం జక్రయ్య పాడలేదు. బల్ల పట్టుకుని నిలబడి, దాచిన నిజమంతా సంఘానికి విన్నవించాడు. “ఇన్నాళ్ళూ మీరు చూసినది భక్తి కాదు, వ్యాధి. మౌనంగా ఉండి మిమ్మల్ని మోసగించాను. క్షమించండి.”

పుల్లమ్మే లేచింది.

“మీది జబ్బయితే అయిందిలే మాస్టారూ. మావి జబ్బు మోకాళ్ళు కావుగా? మేం ఒంగింది నిజంగానే. మీరు పోయి బాగై రండి, మా మోకాళ్ళ సంగతి మాకొదిలెయ్యండి.”

తల వంచుకుని నిలబడిన జక్రయ్యను ఎలీసమ్మ చేయి పట్టి కూర్చోబెట్టింది.

మద్రాసులో తొడ వద్ద నాళంలోకి సన్నని గొట్టం పంపి, రంగుమందు ఎక్కించి, వీపు బొమ్మలు తీశారు. అంకమ్మరావు గారి అనుమానమే నిజమైంది. వీపు తెరిచి ఆ కలయికను కట్టివేశారు. నిలిచిన ఊట ఒక్కనాటిలో ఇంకలేదు. పెరటి బాధ మొదట తగ్గింది. చేతికర్రతో వాకిలి దాటడానికి మూడు నెలలు పట్టింది. అరికాళ్ళలో కొంత దూది మిగిలే పోయింది.

ఎనభై ఏడు ఈస్టరు నాడు, వైద్యుని అనుమతితో, జక్రయ్య మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. కర్రను హార్మోనియానికి ఆనించాడు. మూడో చరణం రాగానే పుల్లమ్మ వంగింది, మార్కు వంగాడు, మందిరమంతా వంగింది. ఎలీసమ్మ మోకరించి ఆ రెండు పాదాలనే చూస్తూ ఉంది. పిలుపు పైస్థాయిని అందుకుంది, అక్కడే చాలాసేపు నిలిచింది. పాదాలూ నిలిచాయి.

ఇంటిదారిలో ఆయన కర్రను చంకలో పెట్టుకున్నాడు.

“నువ్వు ఇవాళా కళ్ళు మూసుకోలేదు” అన్నాడు.

“మీకెలా తెలుసు?”

“అందరూ మోకరించి ఉంటే చూడటానికి నేనొక్కణ్ణే గదే నిలబడి ఉంది.”