దర్జీ ఆవిడ పంపిన మూడు వందల పన్నెండు ఉత్తరాలు

కత్తెర పట్టుకుంటే దర్జీ ఆవిడకి చెయ్యి తిరిగినట్టు ఎవరికీ తిరగదు. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం ఆ చేతులే చల్లబడతాయి. అయినా ఆ ఉదయం ధైర్యం చేసింది. రెండో అంతస్తులో ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న కుట్టుకొట్టు సోమవారం నుంచి పక్క వీధిలో కింది వాటాకి మారుతోంది. మెట్లెక్కలేక రావడం మానేసినవాళ్ళకి ఆ మాట ముందుగా చేరాలని ఆమె ఆరాటం.

గ్రంథాలయంలో పనిచేసే ఆడపడుచు దారి చూపించింది.

"ఒక్కొక్కరికీ విడిగా రాయక్కర్లేదు వదినా. ఉత్తరం ఒకటే రాసి, పేరుకీ, కుట్టిన బట్టకీ ఖాళీలు వదిలెయ్. నీ పట్టికలోంచి ఎవరివి వాళ్ళకి కంప్యూటరే అతికించి పంపేస్తుంది. చదివేవాళ్ళకి నువ్వు తమకోసమే కూర్చుని రాసినట్టుంటుంది."

"మోసం కాదుటే?"

"రెడీమేడ్ చొక్కాకి చేతులు సరిచేసి ఇస్తావు చూడు, అలాంటిదే. పంపేముందు మాత్రం నీకు నువ్వు ఒకటి పంపుకుని చూసుకో" అని చెప్పి ఆడపడుచు డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆ పట్టికలో పేరు, మెయిలు అడ్రసు, చివరిసారి కుట్టిన బట్ట వరసగా ఉన్నాయి. ఆఖరి గడిలో ఆవిడ తన గుర్తుకోసం రాసుకున్న మాటలు ఉన్నాయి. ఎవరి ఒంటితీరు ఏమిటో, ఎవరితో ఎలా మెలగాలో అన్నీ అందులోనే.

ఆవిడ ఉత్తరం పూర్తిచేసి ఖాళీలు నింపుతూ ఉండగా, సగం కుట్టిన చొక్కా తొడిగి చూసుకోవడానికి ఒకాయన వచ్చాడు. "ఒక్క నిమిషం బాబూ" అంటూ హడావిడిలో బట్ట గడికి బదులు దాని పక్కనున్న గుర్తుల గడిని నొక్కింది. తనకి తాను పంపుకుని చూసుకోవడం మరిచి, అందరికీ పంపే మీట నొక్కేసింది. రెప్పపాటులో మూడు వందల పన్నెండు ఉత్తరాలు ఊరంతా చేరిపోయాయి.

భోజనాల వేళకి లాయరుగారి జవాబు వచ్చింది. దాని అడుగున తన ఉత్తరమే ఉంది: "లాయరుగారూ, మీకు చివరిసారి కుట్టిన నడుము రెండంగుళాలు పెరిగింది చెప్పకు ఇప్పటికీ చక్కగా సరిపోతోందని తలుస్తాను."

ఆడపడుచుతో మాట్లాడదామని ఆవిడ గబగబా ఫోను తీసింది.

"కొంప మునిగింది అమ్మాయ్! గుర్తులన్నీ వెళ్ళిపోయాయి! వెనక్కి లాక్కోవచ్చా?"

"నోరు జారిన మాటే వదినా, ఇంకేం లాక్కుంటావు?" ఆడపడుచు నవ్వు ఆపుకోలేక సతమతమవుతోంది. "ముందు ఆయన ఏమన్నారో చదువు."

చదివింది. "అమ్మా, నేను ఒళ్ళు చెయ్యలేదని ఆరేళ్ళుగా మా ఆవిడ దగ్గర మీరు కుట్టిన కోటునే సాక్షిగా పెట్టి వాదిస్తున్నాను. ఆ సాక్షిని మీరే చాటుగా రెండంగుళాలు వదులు చేశారని ఇవాళ తెలిసింది. కేసు ఓడిపోయాను. సోమవారం వస్తాను. ఈసారి మూడంగుళాలు వదలండి."

ఆ తర్వాత జవాబులు వానలా కురిశాయి. పళ్ళ డాక్టరుకి 'గుండుసూది చూస్తే వణుకు' అని వెళ్ళింది. దయచేసి తన దగ్గరికి వచ్చే రోగులకి ఈ సంగతి పొక్కనివ్వవద్దని ఆయన వేడుకున్నాడు. రొట్టెలు కాల్చే ముసలావిడకి 'వేళ్ళు వంగవు, గుండీలకి బదులు హుక్కులు పెట్టు, అడగొద్దు' అని వెళ్ళింది. "చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను తల్లీ, నువ్వే కనిపెట్టావా!" అని ఆవిడ రాసింది.

ఒక్క జవాబు మాత్రం వేరుగా ఉంది. అది సంగీతం టీచరుది. "ఇక మీ కొట్టుకి రాను. ఇన్నాళ్ళూ మీ పని చెడగొట్టినందుకు క్షమించండి." ఆవిడకి వెళ్ళిన గుర్తు, 'మాటలపోగు. పని ఉన్న రోజు కూర్చోనివ్వకు.'

దర్జీ ఆవిడ దాన్ని మూడుసార్లు చదివింది. ఆ పైన మిగతా జవాబులకి నవ్వు రాలేదు.

సాయంత్రం ఆడపడుచు వచ్చి, "క్షమాపణ కూడా ఒకేసారి పంపేద్దామా?" అంది.

"అందరికీ పంపు. ఆవిడ దగ్గరికి మాత్రం నేనే వెళ్తాను."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి తలుపు తట్టింది. సంగీతం టీచరు తలుపు సగమే తీసింది. దర్జీ ఆవిడ క్షమించమని అడిగింది.

"మీరు రాసింది నిజమేగా. నిజం రాసినందుకు క్షమాపణ ఎందుకు?"

"నిజమేనండీ, కానీ సగమే రాశాను" అంది దర్జీ ఆవిడ. "మీరు మాట్లాడుతుంటే నాకు చేతులాడవు. మీ గురువుగారు పడవలో వీణ మరిచిపోయిన కథ వింటూ, ఒకాయన కాలరు తిరగేసి కుట్టేశాను. అందుకే పని ఉన్న రోజు వద్దనుకున్నాను. పని లేని రోజు రమ్మని పిలవాలిగా! ఆ బుద్ధి నాకు లేకపోయింది."

టీచరు తలుపు సందులోంచి తల బయటపెట్టింది. "ఎవరి కాలరు?"

"పళ్ళ డాక్టరుగారిది. తొడుక్కుని రెండు వారాలు తిరిగారు కూడా, పాపం!"

టీచరు పెదవులు బిగబట్టింది గానీ లాభం లేకపోయింది. నవ్వు పొంగుకొచ్చింది. సగం తెరిచిన తలుపు బార్లా తెరుచుకుంది. వీణ దొరికిందో లేదో తెలుసుకుని బయటపడేసరికి రెండు గంటలు పట్టింది.

సోమవారం కొత్త కొట్టులో కాలు పెట్టడానికి చోటు లేదు. చేతికర్రలతో కొందరు, చక్రాల కుర్చీలో ఒకరు వచ్చారు. ఏళ్ళ తరబడి కనిపించని మొహాలన్నీ కళకళలాడుతున్నాయి. తమ గుర్తు ఉన్న ఉత్తరం తెచ్చి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. సంగీతం టీచరు గుమ్మం దాకా వచ్చి, జనాన్ని చూసి, "ఇవాళ పని రోజు. మళ్ళీ వస్తాను" అని వెనుదిరిగింది.

దర్జీ ఆవిడ టేపు మెడలో వేసుకునే పరుగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వీళ్ళంతా గంట సేపు ఎదురు చూడాలి. ఊరికే కూర్చోమంటే కూర్చుంటారా? మీరు ముందు గదిలో ఉండండి. నేను లోపల గదిలో తలుపేసుకుని కొలతలు తీస్తాను."

టీచరు కుర్చీలో కుదురుకుని గొంతు సవరించుకుంది. ఆ రోజు కొలతలిచ్చి వెళ్ళిపోవలసినవాళ్ళు కూడా, కథ అయ్యేదాకా అని, పొద్దువాలినా కదల్లేదు.