ఉగ్గుగిన్నెలో వైన్

నేను ఒక వైన్ సీసాను. ఇప్పుడు ఖాళీని. కాకినాడలో పాత సామాన్లు కొనే కొట్టు వెనక, పగిలిన బకెట్ల మధ్య పడి ఉన్నాను. కడుపు నిండుగా ఉన్న రోజుల్లో నాకు మహా గర్వం ఉండేది. అది ఎలా అణిగిందో చెబుతాను.

మాది హంగరీ. అక్కడ చదునైన పొలాల మధ్య షోమ్లో అనే కొండ ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఒకప్పుడు అది అగ్నిపర్వతమట. ఆ నల్లరాళ్ల నేలలో వందల ఏళ్లుగా ద్రాక్ష పండిస్తున్నారు. నేల గుణమో ఏమో, మా తెల్ల వైన్‌లో తీపి మచ్చుకైనా ఉండదు. నోట్లో పోసుకుంటే పులుపు, వెనకాలే కాస్త ఉప్పదనం. మొదటి గుక్కకే ముఖం చిట్లించేవాళ్లు ఎక్కువ. అయినా అమ్ముడుపోతామంటే దానికో కథ ఉంది. కొత్త దంపతులు తొలిరాత్రి ఈ వైన్ తాగితే మగపిల్లాడు పుడతాడని, వారసుల కోసం రాజవంశాలవాళ్లు కూడా తాగేవారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

తమాషా ఏమిటంటే, నన్ను తయారుచేసిన ఇంట్లో ముగ్గురూ ఆడపిల్లలే. తీగలు కత్తిరించేదీ, పళ్లు పిండేదీ, పీపాలు కడిగేదీ వాళ్లే. కొట్లో నిలబడి వచ్చినవాళ్లకు మగపిల్లాడి కథ చెప్పేది పెద్దమ్మాయి ఇలోనా. “చెప్పీ చెప్పీ విసుగొస్తోంది. చెప్పకపోతే కొనరు” అని చెల్లెళ్లతో అని నవ్వేది. నేనూ నవ్వుకునేదాన్ని. ఇంత దూరం వచ్చాక ఆ కథ ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు నాకేం తెలుసు?

ఒకరోజు శేషగిరి ఆ కొట్లోకి వచ్చాడు. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ఇంజనీరు. కొత్త యంత్రం పని నేర్చుకు రమ్మని కంపెనీ పంపింది. మెత్తటి మనిషి, ఎవరికీ ఎదురు చెప్పలేడు. ఇలోనా కథ విని అతని ముఖం వెలిగింది. అక్కడి నుంచే వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పాడు. నన్ను బనీన్లలో చుట్టి పెట్టెలో సర్దుకున్నాడు.

వాళ్లమ్మ మాణిక్యమ్మ సారా మాటెత్తితేనే చెవులు మూసుకునే మనిషి. అలాంటావిడ నన్ను రెండు చేతులా అందుకుని, మెడ మీద కుంకుమబొట్టు పెట్టి, దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. అగరొత్తుల పొగలో ఉక్కిరిబిక్కిరవుతూ, నాలో నిజంగానే మహిమ ఉందేమో అనుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. కోడలు హైమవతి వడ్డిస్తుంటే మాణిక్యమ్మ రోజూ ఏదో ఒకటి అనేది. “ఏ జన్మలో ఏం చేసుకున్నానో, మా వంశం నీ దగ్గరే ఆగిపోయింది” అనేది. హైమవతి విననట్టే చారు పోసేది. శేషగిరి తల దించుకుని అన్నం కలుపుకునేవాడు.

నన్ను కోడలి చేత తాగించడానికి శుక్రవారం పొద్దున ముహూర్తం పెట్టారు. నా బిరడా లాగే సాధనం ఆ ఇంట్లో ఎక్కడుంటుంది? శేషగిరి గరిటె కాడతో దాన్ని లోపలికే తోసేశాడు. మాణిక్యమ్మ బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. మనవరాళ్లిద్దరికీ స్టీలు గిన్నెతోనే ఉగ్గు పట్టి, దీన్ని పుట్టబోయే మనవడి కోసం దాచింది. అందులో నా వైన్ వంచి, పులుపు విరగడానికి పంచదార కలిపింది. వేరే రోజైతే ఆ పంచదారకు అలిగి ఉండేదాన్ని. ఆ రోజు ఆ గిన్నెను చూసి చచ్చేంత సిగ్గేసింది.

“మగపిల్లాణ్ణి తలుచుకుని తాగమ్మా” అంది మాణిక్యమ్మ.

హైమవతి గిన్నె పట్టుకుని మొగుడి వైపు చూసింది. అతను ఫ్యాను రెగ్యులేటర్ తిప్పుతున్నాడు. ఆమె గిన్నె కింద పెట్టింది. అతను తిప్పుతూనే ఉన్నాడు.

“మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

శేషగిరి ఫ్యాను మొత్తానికే ఆపేశాడు.

“అత్తయ్యగారూ, చిన్నది పుట్టినప్పుడు నా ప్రాణం మీదికొచ్చింది కదండీ. ఇంక పిల్లలు పుట్టకుండా అప్పుడే ఆపరేషన్ చేసేశారు. మీ అబ్బాయే దగ్గరుండి చేయించారు. మీకు తనే నెమ్మదిగా చెబుతానన్నారు.”

మాణిక్యమ్మ కొడుకు వైపు తిరిగింది. “మరి ఇదెందుకు తెచ్చావురా?”

“నువ్వు బాధపడతావని... ఇంకొన్నాళ్లు ఆశతో ఉంటావని అమ్మా.”

ఆవిడ కోడలి వైపు ఒకసారి చూసి, మళ్లీ కొడుకు వైపు తిరిగింది.

“ఇన్నేళ్లూ ఈ పిల్లని నేను ఎన్నేసి మాటలన్నాన్రా. అన్నీ వింటూ నా పక్కనే కూచుని అన్నం తిన్నావు.”

గిన్నెలోదీ, నా కడుపులోదీ మాణిక్యమ్మే సింకులో పారబోసింది. నాకేమీ బాధ కలగలేదు.

ఆదివారం పాత పేపర్లవాడు వచ్చాడు. హైమవతి నన్ను తెచ్చి పేపర్ల పక్కన పెట్టింది. శేషగిరి వెనకాలే వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

“సీసా బాగుంది కదా హైమా. మనీప్లాంట్ పెట్టుకుందాం” అన్నాడు, మంచి చేసుకునే గొంతుతో.

“రోజూ కళ్ల ముందుంటే మీకు సిగ్గుగా ఉండదూ?” అంది హైమవతి.

అతను నన్ను కింద పెట్టేశాడు. అతని సంగతి నాకు తెలియదు. నాకు మాత్రం ఇంకా సిగ్గుగానే ఉంది.