గిన్నెకు ఒక వైపు మసి

ఎడమ జేబా, కుడి జేబా, నేనే పెట్టాను కదా రెండు కాగితాలూ, ఇస్త్రీ మడత చెడకుండా, ఎడమ జేబులో తడిసిన తివాచీల కథ, కుడి జేబులో కాగితాల గోడౌను కథ, ఏది బయటికి తీస్తారో మా ఆయనకైనా తెలుసో లేదో, ముందు వరుసలో కూర్చుని మైకు క్లిప్పు కోటుకు పెట్టుకుంటున్నారు, అది జారుతోంది, మళ్ళీ పెడుతున్నారు, చివరి వరుసలో నుంచి నేను లేచి వెళ్ళి పెట్టలేను కదా, బీమా సర్వేయర్ల శిక్షణ సదస్సు ఇది, ఏటా ఇన్ని గంటలు కూర్చుంటేగాని లైసెన్సు మళ్ళీ రాదట, ఎక్కడ ఏది కాలినా మునిగినా కూలినా ఎందుకైంది, ఎంత పోయింది అని తేల్చి చెప్పేవాళ్ళు ఈ హాలు నిండా, అలవాటు ఎక్కడికి పోతుంది, కప్పుకు బీట ఉందేమో చూసిగాని టీ తాగరు, పొద్దుటినుంచీ విజిటింగ్ కార్డులు పేకముక్కల్లా పంచుకుంటున్నారు, ఓడల నష్టాలు చూసే ఆయన, కోళ్ళఫారాలు చూసే ఆయన, లిఫ్టులు మాత్రమే చూసే ఒక అమ్మాయి, మా ఆయన కార్డుల పెట్టె మాత్రం రెండేళ్ళనాటిది, పైన నాలుగు కార్డులే తగ్గాయి.

ఏం వదినా, ఇవాళ మీ ఆయన వంతటగా, ఏ కథ చెబుతారేమిటి అని పక్కనుంచి ఓడలాయన భార్య, ఏమోనండీ, ఆయన్నే అడగాలి అన్నాను, అయ్యో ఇంట్లో చెప్పరా, మా ఆయనైతే నిద్రలో కూడా ఓడలు ముంచుతారు అంది, నవ్వేసి మళ్ళీ ముందు వరుస వైపు చూశాను, వంతు వచ్చింది తప్పుల గంటకు, రెండో రోజు భోజనాలయ్యాక పెద్దవాళ్ళలో ఒకరు లేచి తాము చేసిన తప్పు ఒకటి చెప్పాలి, పక్కవాడిది కాదు, తనదే, నష్టపోయిన పార్టీ పేరు చెప్పకూడదు, వినేవాళ్ళు రాసుకోకూడదు, నెల కిందట సదస్సు నడిపే పెద్దాయన ఫోన్ చేసి, ఒరేయ్, రెండేళ్ళుగా పగిలిన అద్దాలూ సొట్టపడ్డ బంపర్లూ చూసుకుంటూ తిరుగుతున్నావు, ఇరవయ్యేళ్ళు మంటల కేసులు చూసినవాడివి, ఈసారి లేచి చెప్పు, చెబితేగాని నువ్వు మళ్ళీ నిప్పు దగ్గరికి వెళ్ళలేవు అన్నారు, ఈయన సరే అని రెండు తప్పులు రాశారు, ఒకటి నిజంగా తినేస్తున్నది, ఒకటి చెప్పినా ఒంటికి అంటనిది, తివాచీ తడిస్తే ఎవరి కొంప మునిగిందని.

గోడౌను అలా కాదు, ఆ ఫోటోలు నేనూ చూశాను, ఆయన రిపోర్టులు పెళ్ళైన కొత్తల్లోంచీ టైపు చేసేది నేనే, ప్రింటింగ్ ప్రెస్సు వెనక కాగితాల గోడౌను, కిటికీ పక్క దూలం మొసలి వీపులా లోతుగా కాలింది, అక్కడే టీ కాచుకునే స్టవ్వు, మంట ఇక్కడే పుట్టింది, స్టవ్వు పెట్టడం పాలసీకి విరుద్ధం, పరిహారం రాదు, అని రాశారు, నేను టైపు ఆపి, ఏమండీ, ఎక్కువ కాలిన చోటే మొదలవ్వాలని ఏముంది, మన పాలగిన్నె చూడండి, మంట అడుగున మధ్యలో ఉంటుంది, మసి మాత్రం గాలి తోసిన వైపే పడుతుంది, ఆ కిటికీ అద్దం ముందే పగిలి లోపలికి గాలి కొట్టిందేమో అన్నాను, ఆయన నవ్వి, నీ వంటింటి శాస్త్రం కోర్టులో నిలవదే అన్నారు, నేను టైపు చేసేశాను, ఒక్క అక్షరం తప్పు లేకుండా, ఆరు నెలలకు ఇంకో సర్వేయరు వెళ్ళి, మంట అవతలి గోడ మీది కరెంటు బోర్డులో పుట్టిందనీ, కిటికీ దగ్గర గాలికి రాజుకుందనీ తేల్చాడు, యజమానికి పరిహారం వచ్చింది, అప్పటికే ప్రెస్సు మూతపడింది, ఎనిమిది మంది పనివాళ్ళు తలో దారి పట్టారు, ఈయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు, అనకపోవడం నా గొప్పతనమే అనుకున్నాను.

లేచారు, మైకు గరగరమంది, చెయ్యి ఎడమ జేబులోకి వెళ్ళింది, తివాచీల కాగితం బయటికి వచ్చింది, దాన్ని చూశారు, మళ్ళీ లోపల పెట్టేశారు, కుడి జేబు ముట్టుకోనేలేదు, ఒక కాగితాల గోడౌను, అన్నారు, అంతే, ఇక కాగితం అవసరం లేకపోయింది, దూలం, స్టవ్వు, కిటికీ, ఎనిమిది మంది, ఒక్కటీ వదల్లేదు, అయ్యాక లిఫ్టుల అమ్మాయి లేచి, సర్, ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఆగేవారా అని అడిగింది, ఆయన జారిన మైకు క్లిప్పు మళ్ళీ పెట్టుకుని, చెప్పారమ్మా, మా ఆవిడ పాలగిన్నె చూపించి మరీ చెప్పింది, నేనే నవ్వాను అన్నారు, హాలంతా మెల్లగా నవ్వింది, ఆ నవ్వులో ఎగతాళి లేదు, ప్రతివాడికీ ఒక గిన్నె గుర్తొచ్చినట్టుంది, అమ్మ దొంగా, గిన్నె సంగతి దాచేశావే అని ఓడలాయన భార్య నా మోచెయ్యి గిల్లింది, అక్కడ పెద్దాయన ఈయన భుజం మీద చెయ్యి వేసి, వచ్చే నెల జూనియర్లకు నిప్పు పాఠం నీదేరా అంటున్నారు, ఈయన తల ఊపుతూనే కార్డులు తీస్తున్నారు, ఒకటి, రెండు, లిఫ్టుల అమ్మాయికి ఒకటి, నా వెన్ను కుర్చీకి ఆనింది, పొద్దుటినుంచీ ఆనలేదని అప్పుడు తెలిసింది.

ఆనింది సరే, గిన్నె, అయ్యో, ఆ గిన్నె, తోమడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా అత్తగారే ఒప్పుకున్నారు, ఇంట్లో గరిటె కాడ కూడా మెరుస్తుంది, ఆ ఒక్క పాలగిన్నెకు ఒక్క వైపు మసి మాత్రం రెండేళ్ళుగా అలాగే ఉంది, వదలదు అనుకున్నాను, వదిలిద్దామని ఏనాడు పీచు పట్టాను, పైగా మంచినీళ్ళకు వంటింట్లోకి వచ్చే ఈయనకి ఎదురుగా నల్ల వైపు తిప్పి బోర్లించేదాన్ని, రోజూ, ఒక్క మాట అనకుండా, ఈయన నిప్పు మొహం చూడనిది గోడౌను వల్లే అనుకున్నాను, ఎక్కువ కాలిన చోటే మొదలవ్వాలని ఏముంది, గాలి నా వంటింట్లోంచి కూడా కొట్టింది, ఆయన తన తప్పు నలుగురిలో చెప్పేశారు, నాది చెప్పడానికి మైకు అక్కర్లేదు, ఇంటికి వెళ్ళి, ఆయన చూస్తుండగానే, ఆ గిన్నె తోమేస్తాను.